ముక్కు చేయాల్సిన పని

మన నాసికల్లో ఊపిరి ఊదిన దేవునికి స్తోత్రం. బతకడానికి ఆ ఊపిరి చాలు. అయినా ఆయన అంతటితో ఆగక, కాగుతున్న పాల వాసన, వానకు తడిసిన మట్టి వాసన కూడా మనకు అందేలా చేశాడు. ఈ రెండో మేలు కోసం ఆయనను స్తుతించడం నాకు నేర్పింది నా విద్యార్థిని ఒకరు.

2022 చలికాలం. ఆర్మూర్‌లో నేను కెమిస్ట్రీ చెప్పే డిగ్రీ కాలేజీలో, బీఎస్సీ మొదటి సంవత్సరం వాళ్లతో సాల్ట్ అనాలిసిస్ చేయిస్తున్నాను. పేరు చెప్పకుండా ఒక పొడి ఇస్తాం. పరీక్షలు చేసి అందులో ఏముందో కనిపెట్టాలి. ఆ రోజు ఇచ్చింది సల్ఫైడ్. ఆమ్లం పడగానే కుళ్లిన కోడిగుడ్ల వాసన లేచింది. పిల్లలు చున్నీలు, రుమాళ్లు అడ్డం పెట్టుకుని వరండాలోకి పరుగెత్తారు. రోజూ జక్రాన్‌పల్లి నుంచి బస్సులో వచ్చే మౌనిక ఒక్కతే టెస్ట్‌ట్యూబ్ మీదికి వంగి తాపీగా చూస్తూ ఉండిపోయింది.

"గామె ముక్కు జక్రాన్‌పల్లిల మర్చిపోయి బస్సెక్కింది మేడం!" అని వరండాలోంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. మౌనిక కూడా నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఆ వాయువు విషం. చెయ్యి పట్టి ఆమెను బయటికి లాక్కొచ్చాను. తర్వాత ఆమె ల్యాబ్ రికార్డు పుస్తకం తెరిచి చూస్తే "కుళ్లిన కోడిగుడ్ల వాసన" అని అప్పటికే రాసి ఉంది. వెనక పేజీల్లో "ఘాటైన వాసన", "వెనిగర్ వాసన". ఆ పేజీలన్నింటి కింద నా సంతకాలు.

"ఇవన్నీ నువ్వు వాసన చూసి రాసినవేనా?"

"లేదు మేడం. పక్కోళ్లను అడిగి రాసిన." చున్నీ కొసను వేలికి చుట్టుకుంది. "కరోనా వచ్చినంక నాకు వాసన పోయింది. దవాఖానల గూడ చూపించినం. మళ్ల రాలే."

"ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే గ్రూపు మార్చుకోమంటరని భయమైంది. మా బాపు మస్కట్‌ల ఉంటడు మేడం. నాకు మందుల కంపెనీ ల్యాబుల నౌకరి దొరికితే వచ్చేస్త, మళ్ల పోనన్నడు."

తర్వాత నేను అడగకుండానే చెప్పింది. "బాపు వచ్చి బ్యాగు తెరిస్తే ఇల్లంత వాసనొచ్చేది. సబ్బులు, సెంటు, ఆయన అంగీలు, అన్ని కలిసి. గా వాసనొస్తేనే బాపు వచ్చినట్టుండేది. పోయినసారి అమ్మ, తమ్ముడు బ్యాగుల మొఖం పెట్టిండ్రు. నాకేం రాలే. బాపు ఎదురుంగనే కూసున్నడు మేడం, అయినా ఇంకా రానట్టే అనిపించింది."

మా డిపార్ట్‌మెంట్ హెడ్‌కు విషయం చెప్పాను. "రేపేమన్న అయితే ఎవరు జవాబు చెప్తరు మేడం? కెమిస్ట్రీ లేని గ్రూపుల ఏసేద్దాం" అన్నారు. ఆయన భయం న్యాయమైనదే. నెల గడువు అడిగాను. కిటికీ పక్క టేబుల్, ఎప్పుడూ తోడుగా ఒకరు, విషవాయువులొచ్చే పరీక్షలు ఫ్యూమ్ కప్‌బోర్డ్‌లోనే, అంటే గాలిని బయటికి లాగేసే అద్దాల అరలోనే. ఈ షరతుల మీద ఒప్పుకున్నారు.

ఆమె ముక్కు బాగుచేయమని ప్రార్థించాను. బాగుకాలేదు. వేరే దారి చూపమని అడిగాను. ఆ దారి మా ల్యాబు అరల్లోనే ఉంది. కోడిగుడ్ల వాసనకు లెడ్ అసిటేట్ కాగితం నల్లబడుతుంది. వెనిగర్ వాసనకు బదులు ఫెర్రిక్ క్లోరైడ్ ఎర్ర రంగు చూపుతుంది. అమ్మోనియాకు తడిపిన పసుపు కాగితం ఎర్రబారుతుంది. ఆ పసుపు మౌనిక ఇంటి నుంచే తెచ్చింది. స్పిరిట్‌లో కలిపి, ఫిల్టర్ పేపర్ ముక్కలు ముంచి ఆరబెట్టింది. మార్కెట్ యార్డుకు పసుపు బస్తాలు వస్తున్న రోజులవి. కిటికీలోంచి ఘాటు వచ్చి మేం తుమ్మితే, మా మొహాలు చూసి "పసుపు లారీ పోయిందా మేడం?" అని అడిగేది.

నెల గడిచింది. హెడ్ మళ్లీ గ్రూపు మార్చే మాట ఎత్తలేదు.

ప్రాక్టికల్ పరీక్షకు వేరే కాలేజీ నుంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చారు. మౌనికకు అమ్మోనియా ఘాటు వచ్చే అమ్మోనియం అసిటేట్ పడింది.

"వాసన దగ్గర ఖాళీగా వదిలేశావేం?" అని ఆయన పేపర్ చూసి అడిగారు.

"నాకు వాసన రాదు సార్. పసుపు కాగితం పెట్టి చూసిన." ఎర్రబారిన ముక్కను చూపించింది.

ఎగ్జామినర్ అడుగుతున్నప్పుడు నేను కల్పించుకోకూడదు. లోలోపల ప్రార్థిస్తూ నిలబడ్డాను. ఆయన ట్యూబును మళ్లీ వేడి చేసి, దూరం నుంచే వాసన చూసి, ముఖం తిప్పుకున్నారు. "నా ముక్కు, నీ కాగితం ఒక్కటే మాట చెప్తున్నయి బిడ్డా" అన్నారు.

ఆమె డిగ్రీ పూర్తి చేసింది. హైదరాబాద్ దగ్గర ఒక మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం వచ్చింది. మొన్న ఫోన్ చేసింది.

"బాపు వచ్చిండు మేడం. ఇగ పోడు."

"దేవునికి స్తోత్రం!"

"బ్యాగు తెరిచిండు. నేను అందరి మొఖాలు చూసుకుంట కూసున్న." తర్వాత ఇలా అడిగింది: "అన్నిటికి ఒక కాగితం చెప్పిండ్రు గద మేడం. గీ దానికి ఏది పెట్టాలె?"

ఇరవై ఏళ్లుగా పాఠం చెప్తున్నాను, ఆ కాగితం మాత్రం మా ల్యాబు అరల్లో లేదు.

బేతనియలో ఒక స్త్రీ ప్రభువు పాదాల మీద అత్తరు పోస్తే ఇల్లంతా ఆ వాసనతో నిండిందని చిన్నప్పటి నుంచి సంఘంలో వింటున్నాను. ఆ ఇంట్లో ఆ వాసన అందనివారు ఒకరు కూర్చుని ఉండొచ్చని ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు ఏ రికార్డులోనైనా "వాసన" అన్న మాట కనిపిస్తే, సంతకం పెట్టే ముందు పెన్ను పక్కన పెట్టి, "నీకు అందిందా?" అని అడుగుతున్నాను.

ఇది చదివిన మీరు ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, ఆ బిడ్డకు తన తండ్రి అంగీ వాసన ఒక్కసారి అందనివ్వు. ఆమేన్.