మా పికప్పుకి బీసీఎం మార్చిన ఏడు

మా బావ ఆ పికప్పు తెచ్చిన రోజునే దాని వాలకం నాకు నచ్చలేదు. మేనత్త కొడుకుని చేసుకున్నదాన్ని కాబట్టి మొగుణ్ణి బావా అనే పిలుస్తాను. తిట్టడానికి కూడా అదే వీలుగా ఉంటుంది. సెల్‌ఫోన్లు మా ఊళ్ళోకి వచ్చి, ఇంకా అందరి జేబుల్లోకీ చేరని రోజులవి. దర్శి చుట్టుపక్కల మిరపకాయలు మోసేవాళ్ళంతా ట్రాక్టర్లతోనూ, మామూలు లారీలతోనూ సరిపెట్టుకుంటుంటే, ఈయన నగరంలో ఎవరో షోకుగా వాడి వదిలించుకున్న పెద్ద పికప్పు పట్టుకొచ్చాడు. మీట నొక్కితే నాలుగు తలుపులకీ తాళాలు పడతాయి. తలుపు తీస్తే లోపల దీపం వెలుగుతుంది.

“మిరపకాయలకి ఈ సోకులెందుకు బావా?” అన్నాను.

“నీకు తెలీదులే,” అన్నాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నాకు తెలియనివి ఆ మనిషి దగ్గర చాలానే ఉన్నాయి.

తర్వాత తెలిసిందేమిటంటే, ఆ సోకులన్నీ ఒక్క పెట్టె చేతిలో ఉంటాయి. బీసీఎం అంటారట. ఎడమవైపు కూర్చునే మనిషి కాళ్ళ పక్కన, ఒక ప్లాస్టిక్ రేకు వెనకాల దాక్కుని ఉంటుంది. లైటు వెలగాలన్నా, వైపరు కదలాలన్నా, తాళంచెవి ఈ బండిదేనని ఒప్పుకోవాలన్నా అదే ఊఁ అనాలి. మా ఇంట్లో మా అత్తలాగా అన్నమాట. అది అలిగితే బండి మొత్తం అలుగుతుంది.

ఆ ఏడు మా నాన్న మిరప బాగా పండింది. కాయ ఎర్రగా, నిగనిగలాడుతూ ఉంది. కల్లంలో ఎండిన కాయని ఉన్నపళంగా బస్తాలో వేసి తొక్కితే పొడిపొడి అయిపోతుంది కదా, అందుకని ముందు నీళ్ళు చల్లి మెత్తబరుస్తారు. అలా తడిపి తొక్కిన సరుకు మర్నాటికి గుంటూరు యార్డులో ఉండాలి, అమ్ముడైపోవాలి. బస్తాలోనే ఉండిపోతే లోపల వేడెక్కుతుంది, బూజు పడుతుంది, ఎర్రటి కాయ తెల్లబడి తాలైపోతుంది. మా నాన్నకి ఆ ఏడాదంతా ఆ బస్తాల్లోనే ఉంది. ఇంకో చేలో ఇంకో పంట లేదు.

సాయంత్రం తొక్కించి, బండికి ఎక్కించి, పట్టా కప్పి కట్టారు. మచ్చుకి చూపించే బస్తాని మాత్రం మా బావ ఎప్పట్లాగే లోపల, ఎడమ సీటు ముందు కాళ్ళ దగ్గర పెట్టాడు. ఎండ తగిలి రంగు చెడకూడదని దానికలా రాచమర్యాద. అందరి మచ్చు బస్తాలూ ఆ చోటే ఎక్కి గుంటూరు వెళ్ళేవి. మామగారిది కాబట్టి దీన్ని రేకుకి ఆనించి మరీ కుదురుగా సర్దాడు.

తెల్లారి తాళం తిప్పితే బండి కదల్లేదు. వైపర్లు మాత్రం పొడి అద్దం మీద కిర్రుకిర్రుమంటూ ఊగాయి. ఎడమ ఇండికేటరు తనంతట తాను కన్ను కొట్టింది.

దర్శి నుంచి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. బండి చుట్టూ తిరిగి, “బ్యాటరీ అండీ,” అన్నాడు. బ్యాటరీ మార్చాక, “ఫ్యూజులండీ,” అన్నాడు. అవి కూడా మార్చాక, “నేను ముందే అనుకున్నా, బీసీఎం అండీ,” అన్నాడు. ముందే అనుకున్నవాడివి ముందే ఏడవొచ్చు కదా అని నాలుక చివరిదాకా వచ్చింది. చేతిలో మజ్జిగ గ్లాసు ఉండబట్టి ఊరుకున్నాను.

మధ్యాహ్నం ఒంగోలు వెళ్ళి, తుక్కులో పడ్డ ఇలాంటి బండిలోంచే పీకిన ఇంకో పెట్టె తెచ్చి బిగించాడు. తాళం పెట్టగానే హారను మోగడం మొదలుపెట్టింది. ఆగదు. తీగె పీకేదాకా ఊళ్ళో కుక్కలన్నీ మా కల్లం చుట్టూ చేరాయి. ఆ పెట్టెకి మా తాళంచెవి ఎవరో తెలియదట. కంప్యూటరు పెట్టి పరిచయం చెయ్యాలట. ఆ మనిషి ఒంగోల్లోనే ఉంటాడట. అంతసేపూ ఒంగోల్లోనే ఉండి వచ్చారు కదా మీరు, అని గట్టిగానే అడిగాను.

“రేపటికల్లా అయిపోద్ది,” అన్నాడు మా బావ.

మా నాన్న వచ్చి పట్టా కింద చెయ్యి పెట్టి, బస్తా మీద అరచెయ్యి ఆనించి చూశాడు. తువ్వాలు దులుపుకున్నాడు. నేను పక్కకి పిలిచి చెప్పాను.

“దింపించు నాన్నా. ట్రాక్టరు మాట్లాడదాం. లోపల ఉడుకుతుంది సరుకు.”

“అల్లుడి బండ్లోంచి దింపి ఇంకోడి బండ్లో వేస్తే ఊళ్ళో వాడి మొహం ఏమైపోద్దే అమ్మాయ్?”

“మొహం తర్వాత. కాయ పోతుంది.”

“చూద్దాంలే. రేపటికి అయిపోద్దన్నాడుగా.”

మేనల్లుడిగా ఉన్నప్పుడు ఇదే మనిషిని మా నాన్న చింతబరికె పట్టుకుని వీధి వీధీ తరిమాడు. అల్లుడయ్యాక మాత్రం మాట విసరడానికి కూడా నోరు రాదు. ఆ రాత్రి నాకు ఇద్దరినీ ఒకే తాడుతో ఆ బండికే కట్టేయాలనిపించింది.

రేపు కాదు, ఎల్లుండికి వచ్చాడు కంప్యూటరు మనిషి. ఆయన పని చేసుకుంటుంటే, పీకి పడేసిన పాత పెట్టెని నేను చేతిలోకి తీసుకున్నాను. ఎలక్ట్రీషియన్ దాన్ని అటూ ఇటూ తిప్పి, కంపెనీ సరుకే అంత అని తేల్చేసి వదిలేశాడు. మూత సందులోంచి మిరప గింజ ఒకటి నా అరచేతిలో పడింది. లోపల రాగి పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. పిన్నులు బిగించిన పలక ఎర్రటి నీళ్ళు తాగి ఉబ్బింది. వాసన చూస్తే దగ్గొచ్చింది. సీజనంతా ప్రతి రైతు మచ్చు బస్తా ఆ రేకుకి ఆనుకుని, తన తడి కాస్త కాస్తగా దానికి పోస్తూ గుంటూరు దాకా వెళ్ళింది.

“బావా, ఇది చూడు,” అన్నాను.

చూశాడు. ఎర్ర మరక తడిమి చూసుకున్నాడు. పని కోసం కాస్త పక్కకి జరిపినా ఇంకా ఎడమ సీటు ముందే ఉన్న మా నాన్న మచ్చు బస్తాని చూశాడు. నేను ఇంకేమీ అనక్కర్లేకపోయింది. నిజం చెప్పాలంటే అనడానికి చాలా ఉంది గానీ, ఆ మొహం చూసి మింగేశాను.

ఈలోపు బండి స్టార్టయింది. లైట్లు వెలిగాయి, తాళాలు టకటకా పడ్డాయి, వైపర్లు చెప్పినట్టు ఆగాయి. ఎలక్ట్రీషియన్ తనే కనిపెట్టినంత సంబరంగా హారను కొట్టాడు. ఆ హారను విని మా నాన్న ఇంటి దగ్గర్నుంచి వచ్చాడు. వచ్చీరాగానే బండి వైపు కూడా చూడకుండా, పట్టా తొలగించి ఒక బస్తా దింపించాడు. పురికొస కుట్లు కోసి లోపలికి మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. గబుక్కున తీసేశాడు, అంత వేడిగా ఉంది. పిడికిలి విప్పితే కాయలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. తొడిమల దగ్గర తెల్లటి బూజు. రెండో బస్తా కూడా అంతే. మూడోది ఇంకాస్త ఎక్కువ.

మా బావ ఇంజను ఆపి కిందికి దిగాడు.

“మొన్నే దింపెయ్యమని ఒక్క మాట అనకపోయావా మావయ్యా? నువ్వు అనట్లేదు కదా, సరుకు బాగానే ఉందేమో అనుకున్నా.”

మా నాన్న చేతిలో ఉన్న కాయలు విదిలించలేదు.

“దింపేద్దాం మావయ్యా అని నువ్వే అంటావని చూశానయ్యా,” అన్నాడు. “రెండ్రోజులూ అదే చూశాను.”