బస్సును మళ్లించిన గొంతులు

మా మామయ్య మాట్లాడితే పక్కింటి కుక్కర్ విజిల్ కూడా వినపడదు. తప్పు ఆయనది కాదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ బట్టల మిల్లులో, మగ్గాల షెడ్డులోనే ఉన్నాడు. ఆ మోతలో మంచినీళ్లు అడగాలన్నా అరవాల్సిందే. రిటైరయ్యాక మోత పోయింది గానీ అరుపు పోలేదు. ఆయన స్నేహితులిద్దరిదీ అదే షెడ్డు, అదే గొంతు. ముగ్గురూ కూర్చుని క్షేమసమాచారాలు మాట్లాడుకుంటుంటే, కొత్తవాళ్లు కొట్లాట అనుకుని ఆగి చూస్తారు.

మా వీధిలోంచి సిటీ బస్సు వెళ్లేది. కిటికీ అద్దాలు గడగడలాడి మామయ్య కునుకు చెడేది. వార్డు మీటింగులో ముగ్గురూ లేచి, "ఈ బస్సు మాకొద్దు" అన్నారు. మామూలుగానే అన్నారు. కౌన్సిలర్ హడలిపోయాడు. "జనంలో ఇంత కోపం ఉందా!" అని బస్సును కిందిరోడ్డుకు మళ్లించేశాడు.

వీధిలో సగానికి పైగా జనం ఎక్కేది ఆ బస్సే. మా అత్తయ్య కూడా. ఆవిడది ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే పని, రోజంతా నిలబడాలి. ఇప్పుడు ఆ మోకాళ్లతో కిందిరోడ్డు నుంచి ఎత్తెక్కి ఇంటికి రావాలి.

"నువ్వూ మీటింగుకు వచ్చావుగా అత్తయ్యా, నోరు విప్పలేదేం?"

"వచ్చే బస్సును రమ్మని ఎవరైనా అడుగుతార్రా?"

నేను మధ్యలో మానేసిన చదువులో మెజారిటీ గురించి ఒక పాఠమంతా ఉంది. ఆ మెజారిటీ వెనక కుర్చీల్లో కొంగుతో విసురుకుంటూ కూర్చుంటుందని మాత్రం ఎవడూ రాయలేదు.

ఒక సాయంత్రం అత్తయ్య గుమ్మంలోనే కూలబడి మోకాళ్లు పట్టుకుంది. మామయ్య ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. తర్వాతి మీటింగులో లేచి, "బస్సు మళ్లీ వెయ్యండి!" అన్నాడు.

"ఒరేయ్, పెళ్లాం కోసం మా నిద్ర పాడుచేస్తావా?" అని స్నేహితులు లేచారు.

కౌన్సిలర్ తల పట్టుకున్నాడు. "వద్దన్నది ప్రజలే కదండీ?"

"ప్రజలెవరండీ బాబూ! మేం ముగ్గురం!" అన్నాడు మామయ్య.

వెనక వరసలు గొల్లుమన్నాయి. నవ్వి ఊరుకున్నాయి, అంతే.

అప్పుడు అత్తయ్య లేచింది. "నాకు బస్సు కావాలండీ. మోకాళ్లు నడవనివ్వడం లేదు."

"పనికి ఎన్నింటికి వెళ్తారమ్మా?"

"ఎనిమిదింటికండీ."

వారం తిరక్కుండా పొద్దున ఎనిమిదింటికి బస్సొచ్చింది. అద్దానికి 'ప్రజల కోరిక మేరకు' అని కాగితం అంటించారు. వీధి వీధంతా తోసుకుంటూ ఎక్కింది. సాయంత్రం బస్సు మాత్రం లేదు. అత్తయ్య మళ్లీ ఎత్తెక్కుతూ వచ్చింది, పక్కన ఆవిడ సంచీ మోస్తూ మామయ్య.

"తిరిగొచ్చే టైమెందుకు చెప్పలేదే?" వీధంతా వినపడేలా అడిగాడు.

"ఆయన అడగలేదుగా." ఆగి ఊపిరి తీసుకుంది. "మళ్లీ మీటింగు ఎప్పుడండీ?"