మేకల తోటకు సూరన్నతో

ధర్మవరం నుంచి హిందూపురం వైపు పోయే పొద్దుటి ప్యాసింజరు ఎక్కాలనుకునేవాళ్లు అరగంట ముందు స్టేషనుకు చేరితే చాలు. మేము గంటన్నర ముందే చేరాం. మా అన్న సూరికి తోపులాట పడదన్నది నేను చెప్పుకున్న సాకు. అసలు సంగతి, ముందు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సూరన్నకు నలభై దాటాయి. మాటలు తక్కువ, ఆలోచన నిదానం. చొక్కా గుండీలు నేను పెడతాను, అన్నం అమ్మ కలిపిస్తుంది. మా ఇంట్లో మగ్గం మీద నా భర్త పట్టుచీరలు నేస్తాడు. అందులో అన్నకు వచ్చిన పని ఒక్కటే. మగ్గం మీది నిలువు పోగులు, అంటే పడుగు, అయిపోయినప్పుడు పాత పోగుల కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతకాలి. వేళ్లకు బూడిద అద్దుకొని మెలిపెడుతూ కూర్చున్నాడంటే అన్నీ అతికేదాకా లేవడు. కానీ ఆ పని ఎప్పుడో ఒకసారి వస్తుంది. మిగతా రోజులన్నీ అరుగు మీదే.

పోయిన చలికాలంలో అమ్మ స్నానాల గదిలో జారిపడింది. నేను బజారు నుంచి వచ్చేసరికి ఆమె నేల మీద, పక్కనే అన్న. ఎవరినీ పిలవలేదు. పిలవాలని అతనికి తెలియదు. ఆ రోజు నుంచి అమ్మకు ఒకటే దిగులు, తను పోయాక వీడెట్లా అని. నాకూ అదే దిగులు, కాకపోతే పైకి అనను.

మడకశిర దాటి రొళ్లకు పోయే దారిలో ఒక తోట ఉందని, ఇలాంటివాళ్లకు మేకల పెంపకం, కూరగాయల సాగు నేర్పిస్తారని మా దగ్గర చీరలు కొనే ఒకావిడ చెప్పింది. ఆర్నెల్లు అక్కడే ఉండాలి. మొదటి రెండు రోజులు ఇంటివాళ్లు తోడుండవచ్చు. ఆ రెండు రోజుల్లో కుదురుకుంటే ఉంచుకుంటారు, లేకపోతే వెనక్కి పిలుచుకుపోవాలి. అన్న ఏనాడూ ఒక్క రాత్రి కూడా బయట పడుకోలేదు. అమ్మ ఒప్పుకుంది కానీ ఒక షరతు పెట్టింది.

"ఇంటికి పోదామని వాడు ఒక్కతూరి అన్నా పిల్చుకోని రా పద్దూ. రెండోతూరి అనిపించొద్దు."

అందుకని రైలు కదిలినప్పటి నుంచి నేను కిటికీలోంచి ఏమీ చూడలేదు, అన్న నోటి వైపే చూస్తూ కూర్చున్నాను. ఆ మాట వస్తుందేమోనని భయం. వస్తే బాగుండునని కూడా లోపల ఎక్కడో ఉంది.

పక్కన తాడిమర్రి నుంచి వచ్చిన ఒకామె కూర్చుంది. ఆమె చీర అంచున వేలాడుతున్న పోగును అన్న పట్టుకొని మెలిపెట్టడం మొదలుపెట్టాడు. నేను గబుక్కున అతని చెయ్యి లాగాను.

"ఉండనీలేమ్మా, పాత చీరే," అందామె. "యాడికి పిల్చుకపోతాండావు ఈయప్పను?"

"సేద్యం నేర్పించేదానికి."

ఎదుట సీట్లో నల్లమాడ నుంచి వచ్చిన ఒకాయన తువ్వాలు భుజాన వేసుకుంటూ అందుకున్నాడు. "సేద్యమా? వాన్లు లేక మేము చెనిక్కాయ పంట ఇడ్సిపెట్టి బెంగుళూరుకు పోతాండామమ్మా. ఈయప్పొచ్చి సేద్యం చేస్తాడంటనా?"

పెట్టెలో అందరూ నవ్వారు. అన్న కూడా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది అనిపించి ఇంకా గాభరా పెరిగింది. పెనుకొండ కొండ కనబడగానే అన్న లేచి నిలబడి "వచ్చిందా?" అన్నాడు. ఇంకా లేదన్నాను. మలుగూరులో మళ్లీ అడిగాడు. అడిగిన ప్రతిసారీ తర్వాతి మాట రాకముందే చెయ్యి పట్టి కూర్చోబెట్టాను.

హిందూపురంలో దిగేసరికి తొమ్మిదిన్నర కావస్తోంది. ఇడ్లీ తినాలంటే బస్టాండు ఎదుటి హోటళ్లలో కూర్చోవచ్చు, వేడిగానే ఉంటాయి. రొళ్ల బస్సు పది దాటాక వచ్చింది. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే పల్లెవెలుగులో చార్జీ లేదు. అన్నకు వికలాంగుల పాసు ఉంది, కానీ రెండు దుప్పట్లు, మూడు రకాల ఊరగాయలు, జ్వరం మాత్రలు, కొబ్బరినూనె సర్దుకున్న నేను ఆ పాసు మాత్రం ఇంట్లో మరిచిపోయాను.

"పాసు లేకుంటే దుడ్లు కట్టాల కదమ్మా," అన్నాడు కండక్టరు. కట్టాను. దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను.

బస్సు దిగి మట్టిదారిన కొంచెం నడిస్తే తోట. బోర్డు లేదు, మేకల అరుపే గుర్తు. రత్నమ్మ అనే యాభై ఏళ్లామె దాన్ని నడుపుతోంది. ఆమెకు సాయంగా హనుమంతు ఉన్నాడు. పోలియో వల్ల ఒక కాలు సన్నబడింది, చంకలో కర్ర. అతనూ అక్కడ నేర్చుకోవడానికి వచ్చినవాడే, ఇప్పుడు మేకల మంద అతని చేతిలో ఉంది. నేర్చుకునేవాళ్లు మరికొందరు వేరుశనగ చేనిలో కలుపు తీస్తూ కనిపించారు.

మధ్యాహ్నం రాగిసంకటి పెట్టారు. నేను అలవాటు కొద్దీ ముద్ద చేసి అన్న నోటికి అందించబోయాను. రత్నమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఈడ తోడొచ్చినోళ్లకు ఒకటే పని పాపా. ఊరికే కూర్చునేది."

అంత కష్టమైన పని నాకెప్పుడూ ఎవరూ చెప్పలేదు. అన్న సంకటిని చొక్కా మీద, నేల మీద పడేసుకుంటూ చాలాసేపు తిన్నాడు. సాయంత్రం మేకలకు నీళ్లు పెట్టాడు, సగం తన కాళ్ల మీదే పోసుకున్నాడు. రాత్రి నేను ఊహించినంత ఘోరంగా గడవలేదు. పడుకున్నాడు, అంతే. మెలకువగా ఉన్నది నేనే.

రెండో రోజు పొద్దున హనుమంతు మేకల తాళ్లు నేలలో పాతిన గూటాల నుంచి విప్పి, వాటిని తొట్టి దగ్గరికి తోలి, అన్నను కాపలా పెట్టాడు. నేను దూరంగా అరుగు మీద కూర్చొని వేరుశనగకాయలు ఒలుస్తున్నాను. మేకలు నీళ్లు తాగుతుంటే తాళ్ల కొసలు నేల మీద పడి ఉన్నాయి. అన్న వాటిని కాసేపు చూశాడు. వంటిల్లు దగ్గరికి వెళ్లి పొయ్యిలోని బూడిద వేళ్లకు అద్దుకొని వచ్చాడు. మగ్గం ఇంట్లో పుట్టిన నాకే అది ఏమిటో తోచలేదు. తెగిన కొసలు పడి ఉంటే మా ఇంట్లో ఎవరూ ఊరుకోరు. అన్న కూర్చొని, ఒక మేక తాడు కొసను విప్పదీసి, ఇంకో మేక తాడు కొసలో కలిపి, మెలిపెట్టి అతకడం మొదలుపెట్టాడు. ఊరికే కూర్చోవాలి కదా అని నేను లేవలేదు, అతను అన్నీ అతికేశాడు.

హనుమంతు తిరిగొచ్చి మేతకు తోలడానికి అదిలించేసరికి మేకలు తలా ఒక వైపు దూకాయి. ఒకదాన్ని ఇంకోటి లాక్కుంటూ అన్నీ కలిసి టమోటా మళ్లలో పడ్డాయి. ఆసరాగా నాటిన కట్టెలు పటపటా విరిగాయి, మొక్కలు వాలిపోయాయి. నేను పరుగెత్తాను. ముడి అయితే విప్పొచ్చు, మెలిపెట్టిన అతుకు ఎట్లా వస్తుంది? పళ్లతో పీకాను. చివరికి కొడవలి తెచ్చి తాళ్లు తెగ్గోశాను. ఇక అయిపోయింది, సాయంత్రానికి ఇద్దరం ఇంటికే అనుకున్నాను.

రత్నమ్మ వచ్చింది. పడిపోయిన మొక్కల్ని చూసింది. "ఎవురు చేసిండేది ఇది?"

"నేనేక్కా," అన్నాను. "మేకలు చెదిరిపోతాయని కట్టినా. తెలీలేదు."

"నేను," అన్నాడు అన్న. బూడిద వేళ్లు చాపి చూపించాడు. "నేను అతికినా. బాగుండాది."

సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. రత్నమ్మ తెగిన తాడు చేతికి తీసుకుంది, అతుకు దగ్గర రెండు చేతులా గుంజి చూసింది. ఊడలేదు.

"బాగానే ఉండాది," అంది అతనితో. "మేకలకు వద్దు సూరప్పా. అవి పోవాల." తర్వాత నా వైపు తిరిగింది. "ఆయప్ప చేసిన పని నువ్వెందుకు ఎత్తుకుంటావు? తప్పయినా ఆయప్పదే కదా. అది గూడా ఆయప్పకు లేకుండా చేస్తే ఎట్ల?"

కోప్పడలేదు. అందుకే అంత గట్టిగా తగిలింది.

ఆమె కొత్త కట్టెలు, పురికొస తెప్పించి అన్నను టమోటా సాలులో కూర్చోబెట్టింది. వాలిన మొక్కను లేపి కట్టెకు కట్టాలి. మొదటిది అన్న బిగించి కట్టాడు. ఆమె విప్పి వదులుగా కట్టి, కాడకూ దారానికీ మధ్య తన వేలు దూర్చి చూపింది. "ఏలు పట్టాల. కాడ లావయితాది." రెండోది కూడా బిగుసుకుంది. మూడోదానికి అన్న కట్టక ముందే వేలు పెట్టి, వేలు చుట్టూ కట్టి, మెల్లగా బయటికి తీశాడు. ఆ తర్వాత ఆమె అక్కడ నిలబడలేదు. అన్నానికి పిలిచారు, రాలేదు. సాలు అయ్యాకే లేచాడు. చేతులు తనే కడుక్కున్నాడు. గుండీ ఒకటి ఊడి ఉంటే నేను చూసి, కళ్లు తిప్పుకున్నాను.

మూడు గంటలప్పుడు రత్నమ్మ నా దగ్గరికొచ్చి "నువ్వు బయల్దేరు పాపా, బస్సుండాది," అంది. ఉంచుకుంటారని తెలిసి సంతోషించాలి కదా, సంచి సర్దుకోవడానికే నాకు చాలాసేపు పట్టింది. రెండో సాలులో ఉన్న అన్న దగ్గరికి వెళ్లాను.

"పోతాండా సూరన్నా."

"ఊఁ," అన్నాడు. ఇంకో మొక్కకు వేలు పెట్టాడు.

వచ్చేటప్పుడు మడకశిర మీదుగా పెనుకొండకు బస్సు పట్టుకున్నాను. ఎవరైనా ఆ తోటకు పోవాలనుకుంటే తిరుగు దారి ఇదే మేలు, హిందూపురం చుట్టు తప్పుతుంది. ఊరగాయలు మోసుకుపోవద్దు, పాసు మరవద్దు, మనిషిని పక్కన పెట్టుకొని చేతులు ముడుచుకు కూర్చోవడం కొంచెం ఇంట్లోనే అలవాటు చేసుకోండి. పెనుకొండ స్టేషనులో టీ తాగి, తోట నుంచి పిలుపొస్తుందేమోనని ఫోను చేతిలోనే పట్టుకొని రైలెక్కాను. మోగింది. అమ్మ.

"పక్కన వాడుండాడా?"

"లేడమ్మా. ఆడే ఉండాడు."

"ఇంటికి పోదామని అనలేదా?"

"అనలేదు."

"నన్ను అడిగినాడా?"

ఆమె ఇది అడుగుతుందని నాకు తెలుసు. బస్సులోనే జవాబు సిద్ధం చేసుకున్నాను, అమ్మ ఏదీ అని రెండు రోజులూ అడిగాడని చెప్పాలని. నోటిదాకా వచ్చింది, చెప్పలేకపోయాను.

"అడగలేదమ్మా."

"ఒక్కతూరి గూడా?"

"ఒక్కతూరి గూడా."

లైను కట్టయిందేమోనని ఫోను తీసి చూశాను. కట్ కాలేదు. అమ్మ ఊపిరి వినబడుతోంది.

"అట్లయితే నేను పోయినా వాడు బతుకుతాడులే," అంది అమ్మ.

ఇన్నేళ్లలో ఆమె గొంతు అంత నిమ్మళంగా ఉండగా నేను వినలేదు. ఆమె ఫోను పెట్టేసింది. నేను ధర్మవరం వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను.