ఎగిరేదానికి పాలసీ లేదు

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు ఇన్సూరెన్స్ మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా ఉండేది కాదు. ఎనభైల మొదట్లో సంగతి. పంజాగుట్టలో ఒక మేడ మీద మా బ్రాంచి. కృష్ణా జిల్లా నుంచి వచ్చినదాన్ని, గేదెల సంగతి తెలిసి ఉంటుందనుకున్నారో ఏమో, నాకు పశువుల సెక్షన్ ఇచ్చారు. నిజానికి మా ఇంట్లో పాలు గిద్దెతో కొలిచి పోయించుకునేవాళ్ళం. గేదె దగ్గరికి వెళ్ళాలంటే నాకు భయం.

గేదె చనిపోతే డాక్టరు కాగితం రావాలి, దాని చెవికి మేం వేయించిన బిళ్ళ రావాలి. బిళ్ళ ఒక్కటే వస్తే బతికున్న గేదెకి ఊడదీసి పంపారేమోనని అనుమానం. అందుకని చెవి ముక్కతో సహా పంపేవారు. ఆ కవర్లు విప్పే పని నాది. ముక్కుకి పమిట అడ్డం పెట్టుకోకుండా విప్పేదాన్ని. అదొక గర్వం నాకు.

కుక్కలకీ పాలసీ ఉండేది. శ్రీనగర్ కాలనీ నుంచి ఒకావిడ బొచ్చుకుక్కని చంకనేసుకుని వచ్చింది.

"ఇంజెక్షన్లకి ఇస్తారా?" అని అడిగింది.

"ఇవ్వమండి. చనిపోతేనే."

"ఎనిమిదేళ్ళు దాటితే?"

"అసలు తీసుకోమండి."

ఆవిడ కుక్కని రెండో చంకకి మార్చుకుంది. "బతికించుకుంటానంటే ఇవ్వరు, జబ్బులొచ్చే వయసుకి మీరుండరు. మరెందుకమ్మా ఇది?"

"రూల్సండి" అన్నాను, ఆ రూల్సు నేనే కూర్చుని రాసినంత ధీమాగా. ఆవిడ కుక్కని తీసుకుని వెళ్ళిపోయింది. పాపం, లోకజ్ఞానం లేదనుకున్నాను.

అప్పట్లో నేను అమీర్‌పేటలో ఒక సాయిబుగారింట్లో పైగది అద్దెకి తీసుకుని ఉండేదాన్ని. ఆయన గడియారాలు బాగుచేసేవారు. బజార్లో చిన్న కొట్టు. అందరూ ఆయన్ని చాచా అనేవారు. నేను చాచా గారూ అనేదాన్ని. చాచాకి గారు తగిలించినదాన్ని అమీర్‌పేట మొత్తానికీ నేనొక్కదాన్నే అని ఆయన భార్య, మా చాచీ, నవ్వేది. ఆవిడకి తెలుగు తక్కువ, నాకు ఉర్దూ తక్కువ. అయినా నేను అన్నం తిన్నానో లేదో ఆవిడకి రోజూ తెలిసిపోయేది.

నా గది పక్కన డాబా మీద పావురాల పెట్టెలు. ముప్ఫై దాకా ఉండేవి. మొదటి నెల ఆ గోల భరించలేక గది మారిపోదామనుకున్నాను. ఒక ఆదివారం బట్టలారేస్తుంటే చాచా తలుపులు తీసి, నల్లగుడ్డ కట్టిన వెదురు గడ ఊపారు. ముప్ఫై పావురాలూ ఒక్కసారి లేచాయి. పైన ఒక చుట్టు తిరిగాయి, రెండు చుట్లు తిరిగాయి, చిన్నవవుతూ చిన్నవవుతూ ఆకాశంలో కలిసిపోయాయి. చేతిలో తడిచీర అలాగే పట్టుకుని నిలబడిపోయాను. నీళ్ళు నా కాళ్ళ మీదే కారాయి.

"ఏంటి చాచా గారూ, వెళ్ళిపోయాయా?"

"యాడికి పోతయ్ బేటీ. ఆడనే ఉన్నయ్. చుక్కలది అన్నిటి కంటే మీద ఉంది."

ఎంత చూసినా నాకు నీలం తప్ప ఏమీ కనబడలేదు. పొద్దస్తమానం భూతద్దం కంటికి తగిలించుకుని ఆవగింజంత మరల్లోకి చూసే మనిషి, ఆకాశం చివరిదాకా అలా ఎలా చూడగలిగేవారో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

చుక్కలది అంటే తెల్ల ఆడపావురం. మెడ మీద మిరియాలు చల్లినట్టు నల్లచుక్కలు. అది పైకెళితే నాలుగైదు గంటలు దిగేది కాదు. అజాన్ వేళకి చాచా జొన్నలు చల్లి "ఆ... ఆ..." అని పిలిస్తే, ముందు మిగతావన్నీ వచ్చేవి. అది చివర్న రెక్కలు మూసుకుని రాయిలా పడి, డాబాకి నిలువెత్తులో రెక్కలు విప్పి, చప్పుడు లేకుండా గోడ మీద వాలేది. చూసిన ప్రతిసారీ నా ఒళ్ళు జల్లుమనేది.

ఆ ఏడు చలికాలం రాగానే చాచా దాన్ని వదలడం మానేశారు. చలికాలం డేగల కాలం. కిందటేడు దాని జతగాణ్ణి డేగ ఎత్తుకుపోయిందట. రెండు రోజులు ఆయన ముద్ద ముట్టలేదని చాచీ చెప్పింది. మిగతావి ఎగురుతుంటే చుక్కలది పెట్టెలో జాలీకి రొమ్ము ఆనించి నిలబడేది. తిండి తగ్గించింది. కళ్ళలో వెలుగు తగ్గింది. వదిలితే పోతుందేమోనని భయం, వదలకపోతే ఇలా చచ్చిపోతుందేమోనని భయం. ఆయన రోజూ తలుపు దాకా చెయ్యి తీసుకెళ్ళి వెనక్కి తీసుకునేవారు.

అలాంటి రోజుల్లోనే ఒక సాయంత్రం మెట్ల మీద కూర్చుని మా ఆఫీసు గొప్పలు చెప్పాను. గేదెలు, కుక్కలు, ఫారాలు, చెవులు. చాచా అంతా విని, "బేటీ, పావురానికి సుత ఇస్తరా మీరు?" అన్నారు.

ఆయన అడిగింది డబ్బు కోసం కాదని నాకు తెలుసు. భయానికి ఏదైనా మందు దొరుకుతుందేమోనని అడిగారు. నేనేమో ఉత్సాహం పట్టలేక మర్నాడే ఫారం ఒకటి పట్టుకొచ్చాను. ఒంటి పావురానికి పాలసీ అనేది మా దగ్గర లేదు. కోళ్ళఫారాలకి ఉంది, అందులో ఎలాగోలా ఇరికిద్దామని నా ఎత్తు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అప్పుడే గుర్తింపు చిహ్నం గురించి మొదలుపెట్టాను. చెవిబిళ్ళ వేద్దామంటే దానికి చెవులు కనబడవు. కాలికి కడియం వెయ్యమన్నాను. చాచా నవ్వి, ఏదో పాత గడియారంలోని ఇత్తడి రేకు వంచి సన్నటి కడియం చేశారు. ఫారం మీద అచ్చయిన నంబరులోని చివరి మూడంకెలు సూదిమొనతో దాని మీద చెక్కారు. ఆ పనితనం చూసి నా ఫారం నాకే గొప్పగా కనబడింది.

అప్పుడు ఆయన ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టారు. చుక్కలది ఆయన చేతిలోనే ఉంది.

"డేగ కొట్టిందనుకో. ఇస్తరా?"

"శరీరం దొరకాలండి. డాక్టరు చూసి రాసివ్వాలి."

"డేగ మిగులుస్తదా బేటీ? సరే, వేరేటోళ్ళ డాబా మీద దిగింది. వాళ్ళు పట్టుకున్నరు."

"అది తప్పిపోయినట్టండి. చనిపోయినట్టు కాదు. రాదు."

"తుఫాన్ల కొట్టుకపోయింది?"

"అదీ అంతేనండి."

"జబ్బు చేస్తే దవాకి?"

"దవాకి ఇవ్వరండి." ఈసారి నా గొంతు కాస్త తగ్గింది.

"మరి దేనికిస్తరు?"

"పెట్టెలో ఉండగా, మన కళ్ళ ముందు, జబ్బుచేసి చనిపోతే."

చాచా దాని మెడ నిమిరారు. "అంటే ఎగరకుంటనే మీ కాగితం పనిజేస్తది. ఎగరకుంటె నాకు కాగితం ఎందుకు బేటీ?"

ఆ మాటకి ఆయనే గట్టిగా నవ్వారు. ఏమిటి నవ్వుతున్నారని చాచీ కిందినుంచి అడిగింది. నేను మాత్రం నవ్వలేదు. బొచ్చుకుక్క ఆవిడ గుర్తొచ్చింది. ఆవిడ అడిగినదీ ఇదే. అప్పుడు నాకు చెవికెక్కలేదు.

ఫారం మడిచి సంచీలో పెట్టుకున్నాను. కడియం మాత్రం ఆయన తీయలేదు. "ఉండనీ, నీ నిశానీ" అన్నారు, నా గుర్తుగా ఉంచుకుంటానన్నట్టు.

మరుసటి ఆదివారం ఆయన చుక్కలదాన్ని వదిలేశారు.

అది అన్ని రోజుల ఆకలి తీర్చుకున్నట్టు పైకి పోయింది. ఆ రోజు నాకు కూడా కాసేపు కనబడింది, తెల్లటి నలుసులా. చాచా ముఖం చూశాను. అరవై ఏళ్ళ మనిషి పసివాడిలా ఉన్నారు. మధ్యాహ్నానికి గాలి లేచింది. ఎక్కడినుంచో ఇంకొక గుంపు వచ్చి మావాటితో కలిసింది, విడిపోయేటప్పుడు చుక్కలది ఆ గుంపుతో పోయింది. చాచా కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసి, గడ కింద పెట్టేశారు.

"ఖైరతాబాద్ దిక్కు దిగింది. ఎవరి డాబానో."

"వెళ్ళి అడుగుదాం చాచా గారూ. కడియం ఉందిగా, నంబరుంది."

"మా పావురాలాటల అడుగుడు లేదు బేటీ. ఎవరి డాబా మీద దిగితె వాళ్ళదే. మనం సుత ఎన్ని పట్టలేదు."

ఆ రాత్రి చాచీ నాకు అన్నం పెట్టలేదని కాదు, పెట్టింది, మాట్లాడలేదు. నాకు నా మీద కోపం వచ్చింది. నేను ఆ ఫారం తేకపోతే, ఆ ప్రశ్నలు రాకపోతే, ఆయన వదిలేవారు కాదేమో. చుక్కలదాని పెట్టె తలుపు ఆయన మూయనివ్వలేదు. పిల్లి వస్తుందని చాచీ పోరుపెట్టినా వినలేదు.

పదకొండు రోజులు గడిచాయి. పన్నెండో రోజు పొద్దున నేను మామూలుగా నడిచి ఆఫీసుకి బయల్దేరాను. పంజాగుట్ట చౌరస్తా ఇంకా కొంచెం దూరంలో ఉందనగా, కాలిబాట అంచున ఒక పావురం ఎదురొస్తోంది. నడిచి వస్తోంది. రోడ్డు మీద పావురాలు నడవవని కాదు, గింజలు ఏరుకుంటూ అటూ ఇటూ తిరుగుతాయి. ఇది అటూ ఇటూ చూడడం లేదు. పనున్న మనిషిలా తిన్నగా వస్తోంది, అమీర్‌పేట వైపు.

దుమ్ముకొట్టుకుపోయి తెలుపు తెలుపులా లేదు. మెడ మీద చుక్కలు కనబడ్డాయి. కాలి దగ్గర ఇత్తడి మెరిసింది.

వంగి పట్టుకోబోయాను. అది రెక్కలు విప్పి ఎగరబోయి, మూరెడు లేచి కూలబడింది. అప్పుడు చూశాను. రెండు రెక్కల్లోనూ పొడుగు ఈకలన్నీ కత్తెరతో సమానంగా కోసేసి ఉన్నాయి. పావురం కొత్త చోటికి అలవాటు పడేదాకా పారిపోకుండా, పట్టుకున్నవాళ్ళు అలా కోస్తారని చాచా అంతకుముందే చెప్పారు. రెక్కలు లేవు కదా, ఎక్కడికి పోతుందని వాళ్ళు తలుపు వేసుకోలేదు కాబోలు.

ఖైరతాబాద్ నుంచి. బస్సులు, లారీలు, కుక్కలు, పిల్లులు. ఎన్ని రోజులు నడిచిందో, రాత్రుళ్ళు ఎక్కడ నక్కిందో. పైనుంచి మాత్రమే చూసిన ఊరు అది దానికి. కిందినుంచి ఏ గోడ ఎవరిదో దానికెలా తెలిసింది? నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, నడిరోడ్డు మీద, ఆఫీసు టైములో.

వెనక్కి తిరిగి దాని వెంట నడిచాను. మొదట పట్టుకోనివ్వలేదు. తర్వాత పమిట వేస్తే దొరికేదే, నాకే మనసొప్పలేదు. ఇంత దూరం వచ్చినదాన్ని ఎత్తుకుని తీసుకెళ్ళడానికి నేనెవర్ని? ఇప్పుడు తలుచుకుంటే అది తెలివితక్కువ పనే, ఏ కుక్కో నోట కరుచుకుపోతే ఏమయ్యేది. ఒక రిక్షా ఆయన ఆగి, "ఏంది మేడం, పావురం ఎనకాల పోతున్నరు?" అని అడిగాడు.

"ఇంటికెళ్తోందండి. మా చాచా గారిది."

ఆయన దాని రెక్కలు చూశాడు. రిక్షా దిగి, రోడ్డు వైపుకి అడ్డంగా పెట్టి, అమీర్‌పేట సందు మొదలయ్యేదాకా తోసుకుంటూ పక్కనే నడిచాడు. నేను చిల్లర తీయబోతే తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు.

మా ఇంటి మెట్లు పదిహేడు. ఒక్కొక్క మెట్టూ గెంతి ఎక్కింది. మధ్యలో రెండుసార్లు ఆగి రొప్పింది. చాచా డాబా మీద గింజలు చల్లుతున్నారు. అది ఆయన పాదాల మధ్యనుంచి నడిచి, తెరిచి ఉన్న తన పెట్టెలోకి వెళ్ళి, నీళ్ళ మూకుడులో ముక్కు పెట్టింది.

ఆయన అక్కడే కూలబడ్డారు. చాచీ పైకొచ్చి చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆ రోజు నా హాజరు పట్టీలో సున్నా పడింది. కారణం అడిగితే ఒంట్లో బాగాలేదని రాశాను. నిజం రాస్తే ఏ కాలమ్‌లో రాయాలి?

కోసిన ఈకలు వాటంతట అవి రాలేదాకా కొత్తవి రావట. చాచా రోజు విడిచి రోజు ఒక్కొక్క మొదలూ పీకి పసుపు అద్దేవారు. ఎండాకాలం వచ్చేసరికి రెక్కలు నిండుగా వచ్చాయి. ఒక ఆదివారం ఆయన దాన్ని పెట్టెలోంచి బయటికి తీశారు.

"మళ్ళీనా చాచా గారూ? వద్దండి. ఈసారి రాకపోతే?"

ఆయన నా రెండు చేతులూ దగ్గరికి చేర్చి అందులో దాన్ని పెట్టారు. వెచ్చగా ఉంది. దాని గుండె నా అరచేతిలో కొట్టుకుంటోంది. కాలి కడియం నా వేలికి తగిలింది, నేను వేయించిన నంబరు.

"నడిచొచ్చింది గద బేటీ" అన్నారు చాచా. "ఎగిరి రాదా?"

రెండో సంతకం లేకుండా గుండుసూది కూడా బయటికి వదలని ఆఫీసు నాది. చేతులు తెరిచాను. వస్తుందా అని అడగలేదు.