మీసాల పసిబిడ్డ

ఆ రోజుల్లో మా ఇంట్లో ఏ శుభకార్యం తలపెట్టినా, ఎవరికీ అక్కర్లేని పని ఒకటి మిగిలేది. అది తిన్నగా నా దగ్గరికే వచ్చేది. కొత్తపేటలో అక్క పెళ్లికీ అంతే. పందిరి, వంటలు, బ్యాండుమేళం పెద్దవాళ్లు పంచేసుకున్నారు. నాకు మిగిలింది బొమ్మ. (మా వైపు పెళ్లయ్యాక కొత్త దంపతుల చేత ఉయ్యాల్లో చెక్కబొమ్మను ఊపించి, అది వాళ్ల బిడ్డే అన్నట్టు, పనుందని వంక చెప్పించి చుట్టాల చేతికి అప్పగింపజేస్తారు లెండి, సరదాకి.) "ప్లాస్టిక్కుది తెచ్చావంటే ఊరుకోను" అంది పెద్దమ్మ.

వాడపల్లి గుడి దగ్గర ఏటికొప్పాక నుంచి వచ్చిన ఒకాయన కర్రను తిప్పే చిన్న లేతు మిషను పెట్టుకుని లక్కబొమ్మలు చేసేవారు. అందరూ లక్క మావయ్యగారనేవారు. బొమ్మ కావాలని చెప్పేసి వచ్చేద్దామని వెళ్లినవాణ్ణి, భోజనం సంగతి మర్చిపోయి అక్కడే కూలబడ్డాను. గిర్రున తిరిగే అంకుడు కర్రకి ఆయన ఉలి ఆనిస్తే, పొట్టు చుట్టలు చుట్టలుగా లేచి లోపల్నుంచి ఒక మెడ, ఒక బొజ్జ బయటపడేవి. పసుపు కలిపిన లక్కను అదిమితే ఆ రాపిడి వేడికే కరిగి కర్ర ఒళ్లంతా రంగు చుట్టుకునేది. ఆపైన మొగలి ఆకుతో రుద్దితే మెరుపు! కాలవగట్టున మొగలి పొదలు చూసి పాముల భయంతో పరిగెత్తడమే తప్ప, వాటిలో ఇంత మెరుపు దాగుందని నాకేం తెలుసు?

"బిడ్డది ఎవరి పోలికండీ?" అన్నారాయన. నేను మురిసిపోయి ఫోనులో నిశ్చితార్థం ఫొటోలు చూపించాను. ఆయన అందరినీ దాటేసి పెళ్లికొడుకు నాన్నగారి దగ్గర ఆగిపోయారు. "ఆయ్, తలంటే ఇదండీ! లేతు మీద తీసినట్టే ఉందండీ." నేను నవ్వేసి వచ్చేశాను. ఆ నవ్వును ఆయన ఒప్పుకోలు కింద తీసుకున్నారని నాకు తెలియలేదు.

పెళ్లినాడు పొట్లం విప్పి బొమ్మను ఉయ్యాల్లో పెట్టేసరికి పందిట్లో అందరూ మెడలు సాచి చూశారు. నున్నటి గుండు, గుండ్రటి బొజ్జ, కొనలు తిరిగిన మీసాలు! అప్పటికే కాఫీ చల్లారిందని అలిగి కూర్చున్న ఆ వియ్యంకుడుగారు లేచి వచ్చారు. మా నాన్న ముందే చేతులు జోడించేశారు. అక్క మాత్రం బొమ్మను ఎత్తి, "మావయ్యగారండీ, నాకు వంట పనుందండీ. మీ మనవణ్ణి కాస్త చూడండి" అంది.

ఆయన బొమ్మ నెత్తి నిమిరారు. తన నెత్తి నిమురుకున్నారు. మళ్లీ బొమ్మది నిమిరారు. "ఏమేవ్, వీడిదే నున్నగా ఉందే!" అన్నారు భార్యతో.

"ఆయ్, మీసం మాత్రం మీదేనండీ" అన్నారావిడ.

పందిరి ఎగిరిపోయేలా నవ్వులు. "ఎవరయ్యా చేసేరు? ఆ చేతికి కడియం తొడగాలి" అంటూ ఆయన ఆ బొమ్మను ఇక ఎవరి చేతికీ ఇవ్వలేదు. అప్పగింతల వేళ కారులో దాన్ని ఒళ్లో కూర్చోపెట్టుకున్న ఆయన్ని చూసి అమ్మ ఏడవడం మర్చిపోయింది. అక్క కూడా నవ్వుతూనే కారెక్కింది. నేను మాత్రం, కారు మలుపు తిరిగాక అరటిచెట్టు కట్టిన గుంజ పట్టుకుని భోరుమన్నాను.

"ఏంట్రా, బొమ్మ కావాలా?" అంది పెద్దమ్మ.

అవునన్నట్టు తలూపాను. అప్పటికే ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి! ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, అప్పటి ఆ కుర్రాడి పక్కన కాసేపు నిలబడి భుజం తట్టాలనిపిస్తుంది.