ఉప్పు తగిలిన కంకర

పలాస శివార్లలో మా కంకర క్రషర్ తిరుగుతుంటే పాత గోడల సున్నం, తడి సిమెంటు కలిసిన వాసనొకటి గొంతు పట్టుకుంటుంది. అప్పుడల్లా సుభద్ర మేడమ్ గుర్తొస్తారు. టెక్కలిలో భవనాలు కట్టించే కాంట్రాక్టరు ఆవిడ; డిప్లొమా పూర్తి చేసిన నాకు మొదటి ఉద్యోగమిచ్చినవారు. కూల్చిన ఇళ్ళ శిథిలాలను మరలో పగలగొట్టి, కొండరాయికి బదులు కొత్త కాంక్రీటులో కంకరగా వాడొచ్చని మా వైపు మొదట పట్టుబట్టింది ఆవిడే. "సెత్తతో మేడ కడతారేటి?" అని నవ్వినవాళ్ళను, "కొండలన్నీ తవ్వేసినాక దేంతో కడతారు?" అని ఎదురడిగేవారు.

మూలపేట దగ్గర ఒక మత్స్యకారుల ఊళ్ళో తుపాను రక్షణ భవనం పని మాకొచ్చింది. అంతకుముందు గాలివానకు కూలిన ఇళ్ళ శిథిలాలే అందులో కంకర. పిల్లర్లు లేచాయి. కాంక్రీటు నమూనా దిమ్మలు ల్యాబులో బలపరీక్ష నెగ్గాయి. ఇక స్లాబే మిగిలిందని నేను సంబరపడుతున్నాను. ఒక మధ్యాహ్నం మేడమ్ కంకర కుప్ప దగ్గర వంగి ఒక పెళ్ళ తీశారు. అందులో చిన్న గవ్వ ఇరుక్కుని ఉంది. ఆవిడ ఆ పెళ్ళను నాలుకకు తాకించుకుంటే నేను బిత్తరపోయాను. ఆవిడ ముఖం పాలిపోయింది.

"ఉప్పమ్మా! ఈ ఇళ్ళు సముద్రపు ఇసకతో కట్టినారు."

ల్యాబులో చూపిస్తే వాళ్ళూ అదే చెప్పారు. "బలం సరిపోయింది కదా మేడమ్," అన్నాను, ఇంకేం అనాలో తోచక.

"ఇయ్యాల సరిపోద్ది. ఉప్పు మెల్లగా లోపలి ఇనప సువ్వల్ని తినేత్తాది. తర్వాత తుపానొత్తే ఊరంతా దీని కిందే ఉంటాది."

మర్నాడు జేసీబీ వచ్చింది. నేను దగ్గరుండి నిలబెట్టించిన పిల్లరు కళ్ళముందే ఒరిగిపోయింది. పాత తుపానులో ఇల్లు పోగొట్టుకున్న పోలమ్మ గుండెలు బాదుకుంది. "మా ఇల్లు కూలింది సాలక దీన్నీ కూల్సేత్తారా?"

మేడమ్ వెనక్కి తగ్గలేదు. "తప్పు నాదే పోలమ్మప్పా. ముందే సూడాల్సింది. నా సొంత కర్సుతో మళ్ళీ కడతాను."

ఇకమీదట కొండరాయే అనుకున్నాను. వారం తిరక్కుండానే టెక్కలిలో పడగొట్టిన ఓ గోదాము శిథిలాలు దిగాయి. "మళ్ళీ అదేనా!" అని అరిచేశాను.

"తప్పు కంకరది కాదు, నా సూపుదమ్మా. ఈసారి ముందు ఉప్పు సూద్దాం, తర్వాతే మర," అన్నారు.

భవనం పూర్తయింది. ఆ ఏడాదే మేడమ్ గుండె ఆగి చనిపోయారు. ఆ తర్వాత వచ్చిన తుపానుకు ఊరంతా ఆ కప్పు కింద చేరింది. నేనూ అక్కడే ఉన్నాను. బయట గాలి కొబ్బరిచెట్లను విరుస్తోంది. పోలమ్మ పిల్లరుకు వీపు ఆనించి కూర్చుని, "ఆయమ్మ రాలేదేటి?" అంది. మేడమ్ లేరని చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వెనక్కి తిరిగి ఆ పిల్లరును అరచేత్తో తడిమింది.

ఆవిడ దగ్గర నేర్చుకున్న భయం ఇప్పటికీ నన్ను వదల్లేదు. కంకర బాగుందని ల్యాబు చెప్పినా, దాంతో వేసే కప్పు కింద కూర్చోబోయే మనుషులు కళ్ళలో మెదులుతారు. మళ్ళీ వెళ్ళి కుప్ప చూసొస్తాను.