ఠాణాలో జమ చేసిన తుపాకి

ఆ వార్త నాకు మొదట తెచ్చింది మా వాడలో పాలు పోసే అవ్వ. క్యాను కిందికి దించకుండానే చెప్పింది.

"నీ తమ్ముణ్ని పనికాడ్నుంచే పోలీసులు తీస్కపోయిన్రు బిడ్డా. పెండ్లామే కేసు పెట్టింది. కొట్టిండట, తుపాకి గురిపెట్టిండట."

చిన్నప్పుడు నన్ను బడికి పంపలేదు. తమ్ముడు బడి నుంచి వచ్చి, ఆ రోజు నేర్చిన అక్షరాలను బొగ్గుముక్కతో గచ్చు మీద రాసి నాకు నేర్పేవాడు. ఇవాళ భజన పుస్తకం చదువుకుంటున్నానంటే వాడి పుణ్యమే. పెద్దయ్యాక మిలిటరీకి పోయాడు. పదిహేనేళ్లు చేసి వచ్చి, లైసెన్సు తుపాకి కొనుక్కుని, బంగారం తాకట్టు పెట్టుకునే కొట్టు దగ్గర కాపలాకు కుదిరాడు. మా పక్క ఇంట్లోనే కాపురం. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ.

వాడికి లాయరును మాట్లాడింది నేనే. ఆయన ఫిర్యాదు చదివి తేదీ చెప్పగానే నాకు రశీదు గుర్తొచ్చింది. ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో జమ చెయ్యాలి. తెలంగాణ కోసం రాజీనామాలు చేసి ఉప ఎన్నికలు వచ్చిన రోజులవి. ఫిర్యాదులో రాసిన నాటికి వాడి తుపాకి ఠాణాలోనే ఉంది. జమ చేసిన తేదీ, తిరిగి ఇచ్చిన తేదీ రెండూ ఆ రశీదు మీద ఉన్నాయి. పోగొట్టుకుంటానని వాడు నాకిస్తే దేవుని అలమరలో దాచాను.

"అమ్మా, మీ తమ్మునికి ఇదొక్కటి చాలు," అన్నాడు లాయరు. దేవుడికి దండం పెట్టుకున్నాను.

కానీ తుపాకి ఠాణాలో ఉన్న వారాలంటే వాడు ఇంట్లో ఉన్న వారాలు. "తుపాకి లేని జవాను నాకెందుకు, ఎన్నికలైనంక రా," అనేవాడు కొట్టు సేటు. వాడు పొద్దున్నే తాగి కూర్చునేవాడు. గోడ అవతలి చప్పుళ్లు నాకు వినబడేవి. తెల్లారాక మరదలి భుజానికి పసుపు రాసేదాన్ని. ఏమైందని అడిగేదాన్ని కాదు.

సాక్ష్యానికి ముందు కమాన్‌పూర్ దగ్గర ఆమె పుట్టింటికి పోయాను.

"తుపాకి ముచ్చట ఎందుకు రాయించినవే?"

"ఉత్త కొట్టిండంటే ఎవలు పట్టించుకుంటరు వదినా? ఠాణాకు రెండుసార్లు పోయిన. మొగడన్నంక ఓ దెబ్బ కొట్టడా అని చాయ్ తాగిచ్చి పంపిన్రు. దరఖాస్తు రాసెటాయన, తుపాకి రాస్తెనే పని నడుస్తదన్నడు. సరే అన్న."

"అబద్ధం గదనే."

"తుపాకి అబద్ధమే. దెబ్బలు గూడ అబద్ధమా? పసుపు రాసినదానివి, నువ్వే చెప్పు."

బస్సుకు టైమైందని లేచాను.

కోర్టులో రశీదు చూపించి, తేదీలు నేనే చదివాను. సర్కారు వకీలు ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. "మీ తమ్ముడు కొట్టంగ మీరు చూసిండ్రా?"

"కండ్లతోని చూడలే," అన్నాను. అది నిజమే. విన్నావా అని అడగలేదు. అడగనందుకు, బోనులో నిలబడే, దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాను. నా జన్మలో నేను చెప్పుకున్న కృతజ్ఞతలన్నిటిలో వెనక్కి తీసుకోవాలనిపించేది అదొక్కటే.

తుపాకి సంగతే అబద్ధమైనప్పుడు మిగతాది ఎలా నమ్మాలన్నారు జడ్జిగారు. కొట్టిన కేసు, తుపాకి కేసు రెండూ పోయాయి. తమ్ముడు నా కాళ్లకు దండం పెట్టి, "బతికిచ్చినవ్ అక్కా," అని ఏడ్చాడు. వాడు బయటికి వచ్చినందుకు నాకు సంతోషం కలగలేదంటే అబద్ధమవుతుంది.

మరదలు మెట్ల దగ్గర ఆగింది. "మంచిగ చదివినవ్ వదినా రశీదు," అంది. బస్టాండు వైపు నడిచింది.

మళ్లీ మా వాడకు రాలేదు. నేను రెండుసార్లు పోతే మంచినీళ్లిచ్చింది, కూర్చోమంది. అడగాల్సిన క్షమాపణ నేను అడగలేకపోయాను. రాష్ట్రం వచ్చిన ఏడు ఆమె జ్వరంతో పోయింది.

ఆ ఫైలు ఎవరు తెరిచినా ఆమె అబద్ధం చెప్పిన మనిషిగానే కనబడుతుంది. మీరు మాత్రం అలా తలచుకోకండి. ఆమె దెబ్బలు తిన్నది. అది నాకు తెలుసు. మీ ఇంట్లో దీపం పెట్టేటప్పుడు నా తమ్ముణ్ని, నన్ను మరిచిపోయినా సరే, మా మరదలిని ఒక్కసారి తలచుకోండి.